డి500 తర్వాత ఏది? ఇంకా ఆగాలా, ఈ చలికాలం లోపే తేల్చుకోవాలా?

మడఅడవి_కాకినాడ

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం. పెద్దలు దారి చూపిస్తారని రాస్తున్నాను.

నా దగ్గర ఉన్నది నికాన్ డి500, దాని మీద 200-500 ఎఫ్5.6 లెన్స్. పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు చెయ్యను. కోరింగ మడ అడవులు, తాళ్ళరేవు వైపు రొయ్యల చెరువులు, యానాం దాకా గౌతమి గట్టు, ఇదే నా తిరుగుడు. పక్షులు తప్ప వేరే ధ్యాస లేదు. కెమెరా షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా కొట్టిన క్లిక్కుల లెక్క, రెండు లక్షలు దాటింది. కంపెనీ ఆ షట్టర్‌ని పరీక్షించిందే రెండు లక్షల క్లిక్కులకు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి పనిచేసినవి ఉంటాయి, కాదనను. కానీ ఏట్లో పడవ మీద ఉండగా ఆగిపోతే ఆ రోజు పోయినట్టే.

డి500ని ప్రకటించింది 2016 జనవరిలో. 2022లో తయారీ ఆపేశారు. ఈలోపు అద్దం లేని (మిర్రర్‌లెస్) జెడ్9, జెడ్8, జెడ్6 త్రీ అన్నీ వచ్చాయి. డి500 స్థాయిలో చిన్న సెన్సార్ (డీఎక్స్) బాడీ మాత్రం ఈ 2025 జూన్ దాకా రాలేదు. జెడ్90 అని ఒక పేరు గాలిలో తిరుగుతూనే ఉంది, కంపెనీ మాత్రం నోరు విప్పలేదు. నవంబరు వచ్చేసరికి ఉల్లంకి పిట్టలు, వలస బాతులు దిగుతాయి. ఆలోగా తేల్చుకోవాలి. ఆగమంటారా, వద్దంటారా?

ఆటపాక_గూడబాతు

ఆగండి. ఎందుకంటున్నానో చెబుతాను.

ఈ ఎదురుచూపు మనకి కొత్త కాదు. డి300 వచ్చింది 2007లో, డి300ఎస్ 2009లో. ఆ తర్వాత ఆరున్నరేళ్ళు ఆ వరసలో ఏమీ రాలేదు. అప్పట్లో అందరూ డి400 అని పేరు కూడా పెట్టేశారు. 2010లో డి7000 వచ్చింది, 2013లో డి7100, 2015లో డి7200. వచ్చిన ప్రతిసారీ "ఇక ఇదే, ఇంతకు మించి రాదు" అన్నవాళ్ళు చాలామంది. నమ్మి డి7100 కొన్నవాళ్ళు నాకు తెలుసు. ఫొటో నాణ్యత బాగుండేది, బఫర్ (కార్డుకి రాసేలోగా ఫొటోల్ని దాచే తాత్కాలిక మెమరీ) మాత్రం మరీ చిన్నది. రా (సెన్సార్ పట్టిన సమాచారమంతా ఉండే పెద్ద) ఫైళ్ళు తీస్తే సెకనున్నర తిరక్కుండానే నిండిపోయేది. కొల్లేరు ఆటపాకలో గూడబాతు (పెలికాన్) నీళ్ళ మీద వాలడం చూసినవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. రెక్కలు పూర్తిగా విప్పి, రెండు కాళ్ళూ ముందుకు చాపి, నీటిని తాకాక కూడా జారుతూ కొంత దూరం వస్తుంది. తీయాల్సింది ఆ జారడాన్నే. బఫర్ నిండేటప్పటికి పక్షి ఇంకా గాలిలోనే ఉండేది.

చివరికి 2016 జనవరిలో డి5తో పాటే డి500ని బయటపెట్టారు. డి5లో పెట్టిన 153 పాయింట్ల ఫోకస్ మాడ్యూలే ఇందులోనూ పెట్టారు. సెకనుకు 10 ఫ్రేములు, ఎక్స్‌క్యూడి అనే వేగమైన మెమరీ కార్డు వేస్తే రాలో 200 ఫ్రేముల దాకా ఆగకుండా తీస్తుంది. డి400 రానేలేదు, దానికన్నా మంచిది వచ్చింది. ఆగినవాళ్ళు బాగుపడ్డారు. ఇప్పుడూ అంతే అవుతుందని నా నమ్మకం.

పెళ్ళిపందిరి_భీమవరం

నాది వేరే వృత్తి అయినా ఒక మాట. 2014లో వచ్చిన డి750తో చాలాకాలం చేసి జెడ్6 త్రీకి మారాను. మాకు ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఏం కొన్నా ఆ నెలలోనే కొంటాం. కొత్త బాడీ చేతికి అలవాటు అవ్వాలంటే నెల పడుతుంది. బటన్ చూడకుండా వేలు దానంతటదే వెళ్ళాలి, తాళి కట్టేటప్పుడు మెనూలు వెతుక్కోలేం కదా. నవంబరులో పక్షులు వస్తాయంటున్నారు, అంటే సెప్టెంబరుకల్లా కెమెరా మీ చేతిలో ఉండాలి. రాని మోడల్ గురించి ఆలోచించే టైమ్ మీకు లేదు.

వశిష్ఠ_గట్టు

నరసాపురం నుంచి. ఆటపాక గారు చెప్పిన చరిత్రంతా నిజం. కానీ అప్పటికీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా ఉంది, అది చూడకుండా "అప్పుడు వచ్చింది కాబట్టి ఇప్పుడూ వస్తుంది" అనుకోకూడదు.

అద్దం ఉన్న కెమెరాలో ఫోకస్ పనంతా అద్దం కింద ఉండే వేరే మాడ్యూల్‌ది. డి5లో ఉన్నది తీసుకొచ్చి డి500లో పెట్టేశారు, సెన్సార్ మామూలుదైనా సరిపోయింది. మిర్రర్‌లెస్‌లో ఆ వేరే మాడ్యూల్ లేదు. ఫోకస్ చేసేది సెన్సారే, వ్యూఫైండర్‌లో బొమ్మ చూపించేదీ సెన్సారే, చప్పుడు లేకుండా ఫొటో తీసేదీ అదే. కాబట్టి పక్షుల కెమెరా కావాలంటే సెన్సార్ చాలా వేగంగా చదవగలిగి ఉండాలి. స్టాక్డ్ సెన్సార్ (చదివే సర్క్యూట్లు వెనక పొరలో పేర్చిన సెన్సార్) అనేది అందుకే. చిన్న సెన్సార్‌లో అది అసాధ్యమేమీ కాదు, ఫ్యూజీఫిల్మ్ 2022లోనే ఎక్స్‌హెచ్2ఎస్‌లో 26 మెగాపిక్సెళ్ళ స్టాక్డ్ సెన్సార్ పెట్టింది. ఖర్చు మాత్రం ఎక్కువ. ఆ ఖర్చు పెట్టి ఒక బాడీ చేస్తే, దాని ధర పెద్ద సెన్సార్ కెమెరాల ధర దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు కొనేవాడు "ఇంకొంచెం వేసుకుని జెడ్8 తీసుకుంటే పోలా" అంటాడు. ఆ లెక్క కుదరకే ఆలస్యం అవుతోందని నా అంచనా.

2024 నవంబరులో వచ్చిన జెడ్50 టూ చూడండి. జెడ్8, జెడ్9లలో ఉన్న ఎక్స్‌పీడ్ 7 ప్రాసెసర్ ఉంది, పక్షిని గుర్తుపట్టి వెంబడించే ఫోకస్ ఉంది, బరువు 550 గ్రాములే. సెన్సార్ మాత్రం మన డి500లాగే 20.9 మెగాపిక్సెళ్ళది, స్టాక్డ్ కాదు. కదిలే తెరలుండే మెకానికల్ షట్టర్‌తో సెకనుకు 11 ఫ్రేములు తీస్తుంది. తెరలు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి రెక్కలాడించే పక్షిని తీస్తే మాత్రం, సెన్సార్ వరసవరసగా నెమ్మదిగా చదువుతుంది కాబట్టి, రెక్క వంగినట్టు పడుతుంది. బాడీలో చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ లేదు. కార్డు స్లాట్ ఒక్కటే. మంచి కెమెరానే, డి500 కొన్నవాళ్ళు కోరుకునేది ఇది కాదు.

ఇక జెడ్8. 2023 మేలో వచ్చింది, 45.7 మెగాపిక్సెళ్ళు. డీఎక్స్ క్రాప్‌లో (పెద్ద సెన్సార్‌లో డి500 సెన్సార్ అంత మధ్య భాగాన్నే వాడే పద్ధతిలో) పెట్టినా 19 మెగాపిక్సెళ్ళ పైన వస్తుంది, అంటే దాదాపు మీ డి500తో సమానం. అదే 200-500 లెన్స్, అదే దూరం, పక్షి మీద అన్నే పిక్సెళ్ళు. పైగా కొంగలు గుంపుగా లేచినప్పుడు క్రాప్ తీసేస్తే ఫ్రేమంతా మీదే. నా లెక్కలో డి500 తర్వాతి కెమెరా రెండేళ్ళ క్రితమే వచ్చేసింది. దాని మీద పేరు వేరే ఉంది, అంతే.

మడఅడవి_కాకినాడ

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. ధర దగ్గరే ఆగిపోతున్నాను. అమెరికాలో డి500 వచ్చినప్పుడు 2,000 డాలర్లు, జెడ్8 వచ్చినప్పుడు 4,000. మన దగ్గర జెడ్8 మూడు లక్షల నలభై వేల పైనే పలికింది. ఫొటోల మీద నాకు వచ్చేది అంతంతమాత్రం.

ఇంకోటి, నాకు డి500 వ్యూఫైండర్ అంటే ప్రాణం. అద్దంలోంచి నేరుగా కనిపించే వెలుగు అది. తెల్లవారకముందే బోటెక్కి, కంటికి ఆనించుకుని గంటలు కూర్చున్నా బ్యాటరీ తగ్గదు. కంపెనీ లెక్క ప్రకారమే ఒక్క ఛార్జికి 1,240 ఫొటోలు. అడవిలో ప్లగ్గు ఎక్కడ దొరుకుతుంది?

కోనసీమ_లంక

మీరంతా బాడీ గురించే మాట్లాడుతున్నారు, నన్ను లెన్స్ గురించి మాట్లాడనివ్వండి. మన డెల్టాలో కెమెరా ముసలిదై పోయేది తక్కువ, తేమకి పోయేదే ఎక్కువ.

ఇవాళ రాత్రి మీ 200-500 బయటికి తీసి, వెనక మూత విప్పి, ముందు వైపు నుంచి ఫోన్ టార్చి వేసి వెనక నుంచి కొంచెం ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. గాజు అంచు దగ్గర మొదలై లోపలికి కొమ్మలు వేస్తూ సన్నటి తెల్ల పోగులు కనిపిస్తే అది ఫంగస్. మొదట్లో ఫొటోలో తేడా తెలియదు. ఎండకి ఎదురు తీసినప్పుడు ముసురు పట్టినట్టు కాంట్రాస్ట్ తగ్గుతుంది, అప్పటికి అది గాజు మీది కోటింగ్‌ని తినేసి ఉంటుంది. తుడిచినా మచ్చ పోదు. మా లంకల్లో వరద నెలల్లో ఇంట్లో గోడలే చెమరుస్తాయి. బ్యాగులో పెట్టి జిప్ వేసిన లెన్స్‌కి అంతకన్నా చెడ్డ చోటు లేదు.

కాబట్టి ఏ కెమెరా కొన్నా ముందు డ్రై క్యాబినెట్ కొనండి. అంత వద్దనుకుంటే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్, ఈ మూడూ చాలు. మీటర్ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. మరీ ఎండబెట్టినా రబ్బరుకి మంచిది కాదు. రంగు మారే సిలికా జెల్ అయితే ఎప్పుడు వేడి చేసి ఆరబెట్టాలో అదే చెబుతుంది.

ఇక ఎదురుచూపు గురించి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రండి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని కౌశిక దాటించేటప్పుడు నీళ్ళు ఎగురుతుంటే, మనుషులు ఒక్కటై అరుస్తుంటే తీయాలి. అది ఏడాదికి ఒక్కసారే. కంపెనీ ఎప్పుడు తెస్తుందో అని ఒక కనుమ వదులుకోగలమా? పక్షుల సీజనూ అంతే.

యానాం_రేవు

కానన్ వాడిని, రావచ్చా ఇక్కడికి?

మా వైపూ ఇదే కథ. 7డి 2009లో, 7డి మార్క్ 2 2014లో. తర్వాత ఆర్7 వచ్చేసరికి 2022. దాదాపు ఎనిమిదేళ్ళు. 32.5 మెగాపిక్సెళ్ళు, మెకానికల్‌గా సెకనుకు 15 ఫ్రేములు, ఎలక్ట్రానిక్‌గా 30. ధర 7డి మార్క్ 2 కంటే తక్కువే, అమెరికాలో 1,500 డాలర్లు. చేతిలో పట్టుకుంటే మాత్రం 7డి పట్టుకున్నట్టు ఉండదు, ఆ బరువూ ఆ గట్టిదనమూ లేవు. వశిష్ఠ గారు చెప్పిన సెన్సార్ సంగతి ఇందులోనూ ఉంది, స్టాక్డ్ కాదు కాబట్టి ఎలక్ట్రానిక్ షట్టర్‌లో రెక్కలు వంకర పోతాయి. నేను మెకానికల్‌లోనే తీస్తాను, తృప్తిగానే ఉన్నాను.

మడఅడవి గారికి నేను చెప్పేది ఏమిటంటే, ఎదురుచూసిన మోడల్ వచ్చినా అది మనం ఊహించుకున్నట్టే రావాలని లేదు. మనం 7డి మార్క్ 3 అనుకున్నాం, వాళ్ళు ఇంకో ధరలో ఇంకో రకం మనిషి కోసం చేశారు. జెడ్90 వస్తే అదీ అలాగే ఉండొచ్చు.

ఆటపాక_గూడబాతు

యానాం గారూ, అదే నేనూ అనేది. 1,500 డాలర్లకి ఆర్7 వచ్చిందంటే ఆ ధరలో కొనేవాళ్ళు ఉన్నారనే కదా. నికాన్ ఆ మార్కెట్‌ని ఎల్లకాలం వదిలేస్తుందా? వదలదు.

డి500 ఇంకా బతికే ఉంది. షట్టర్ పోతే షట్టర్ యూనిట్ మార్పించుకోవచ్చు. కొత్త బాడీ ఖర్చులో అదెంత?

కోనసీమ_లంక

పార్ట్ దొరికితే. మా ఊరి కుర్రాడు పాత బాడీని షట్టర్ కోసం ఒక సర్వీస్ సెంటర్‌కి పంపాడు. ఇదిగో అదిగో అని నెలలు తిప్పి, చివరికి పార్ట్ లేదని వెనక్కి పంపారు. ఆ చలికాలమంతా వాడి చేతిలో కెమెరా లేదు. తయారీ ఆగిన మోడల్‌కి మరమ్మతు చేయించాలంటే ఇప్పుడే చేయించాలి, ఇంకా రెండేళ్ళు పోయాక కాదు. పంపే ముందు పార్ట్ చేతిలో ఉందా అని రాతలో అడగండి.

కొత్తనీరు_అమలాపురం

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నా దగ్గర మా బాబాయిగారు ఇచ్చిన పాత 80-200 ఎఫ్2.8 ఏఎఫ్-డి లెన్స్ ఉంది. జెడ్ కెమెరా కొంటే అది పనిచేస్తుందా?

వశిష్ఠ_గట్టు

తమ్ముడూ, పాత నికాన్ లెన్స్‌ని జెడ్ బాడీకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో బిగుస్తుంది, ఫొటో కూడా వస్తుంది. కానీ ఆటోఫోకస్ చెయ్యదు. ఏఎఫ్-డి లెన్స్‌లో మోటార్ ఉండదు, బాడీలో ఉండే మోటార్ మర తిప్పుతూ ఫోకస్ చేస్తుంది. అడాప్టర్‌లో ఆ మోటార్ లేదు. చేత్తో తిప్పుకోవాలి. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నవాటిలో మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది, అవి బాగా పనిచేస్తాయి. ఆ లెన్స్ వాడాలనుంటే డి500, డి7200 లాంటి బాడీ సెకండ్ హ్యాండ్‌లో చూడు. బాబాయిగారి లెన్స్‌కి అదే న్యాయం.

మడఅడవి గారూ, మీ 200-500 మాత్రం అడాప్టర్ మీద ఫోకస్ చేస్తుంది. మీ ఎక్స్‌క్యూడి కార్డు జెడ్8లోనూ పడుతుంది. కాబట్టి మొదటి రోజే లెన్స్, కార్డు, బాడీ మూడూ కొనక్కర్లేదు. 180-600 జెడ్ లెన్స్ తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. అది జూమ్ చేస్తే పొడవు పెరగదు, 200-500 లాగా బయటికి సాగి లోపలికి తేమ గాలి పీల్చుకోదు. మన వాతావరణానికి అది పెద్ద లాభం.

వ్యూఫైండర్ సంగతి మీతో ఏకీభవిస్తాను. అద్దంలోంచి కనిపించే వెలుగు వేరు. బ్యాటరీలు మాత్రం మూడు పెట్టుకుంటే సరిపోతుంది. దానికి బదులుగా మీకు దొరికేది ఏమిటో ఒక్క పక్షితో చెబుతాను. నల్లా తెల్లా లకుముకి. రొయ్యల చెరువు మీద రెక్కలు టపటపలాడిస్తూ ఒకే చోట నిలబడుతుంది, ముక్కు కిందికి, కళ్ళు నీళ్ళ మీద. ఎప్పుడు పడుతుందో దానికి తప్ప ఎవరికీ తెలియదు. పడటం చూశాక మనం నొక్కితే ఫ్రేములో నీళ్ళ తుంపర మాత్రమే మిగులుతుంది. జెడ్8లో ముందస్తు క్యాప్చర్ పెట్టి బటన్ సగం నొక్కి ఉంచితే, పూర్తిగా నొక్కడానికి ముందు ఒక సెకను దాకా జరిగింది కూడా కార్డు మీదికి వస్తుంది. జేపెగ్‌లో మాత్రమే, రాలో రాదు. అయినా ఆ డైవ్ మొదలయ్యే క్షణం దొరుకుతుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) తో పక్షుల కోసం విడిగా ఫోకస్ మోడ్ కూడా ఇచ్చారు.

ఒక జాగ్రత్త. పక్షులు వాలకుండా చెరువుల మీద కట్టే తాళ్ళు, మడ కొమ్మల గజిబిజి ఎదురుగా ఉంటే ఏ తెలివైన ఫోకస్ అయినా తడబడుతుంది. అక్కడ డి500లో ఎలా చేస్తారో అలాగే ఒక్క పాయింట్ పెట్టుకోండి. మీ చేతికి ఉన్న అలవాటు అక్కడ పనికొస్తుంది.

మడఅడవి_కాకినాడ

రాత్రి లంక గారు చెప్పినట్టు టార్చి వేసి చూశాను. గాజు శుభ్రంగా ఉంది. ప్రాణం లేచొచ్చింది.

జెడ్8లో మెకానికల్ షట్టరే లేదు కదా, అంటే ఈ షట్టర్ కౌంట్ టెన్షన్ ఉండదన్నమాట?

వశిష్ఠ_గట్టు

అవును, అరిగే తెరలు లేవు. ఆఫ్ చేసినప్పుడు సెన్సార్ ముందు ఒక మూత పడుతుంది, ఉప్పు గాలిలో లెన్స్ మార్చేటప్పుడు అది ఎంత ధైర్యమో మీకు నేను చెప్పాలా. చప్పుడు కూడా ఉండదు. డి500 పది ఫ్రేములు కొడితే ఒడ్డున నీటికుక్కలు తలెత్తి చూస్తాయి, మీకే బాగా తెలుసు.

పెళ్ళిపందిరి_భీమవరం

మాలో జెడ్8 కొని వీడియో వైపు వెళ్ళిపోయి అమ్మేస్తున్నవాళ్ళు ఉన్నారు. సెకండ్ హ్యాండ్‌లో చూడండి. ఒరిజినల్ బిల్లు, ఇండియా వారంటీ కార్డు లేనిదే ముట్టుకోవద్దు.

మడఅడవి_కాకినాడ

అందరూ చెప్పింది చదివి నిర్ణయం తీసుకున్నాను. ఆటపాక గారూ, మీ మాట కొట్టెయ్యడం లేదు. జెడ్90 వస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ ఈ శీతాకాలం కోరింగలో పాటు తీసి నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బురద మీదికి దిగే ఉల్లంకి పిట్టల్ని వదులుకోలేను. సెకండ్ హ్యాండ్ జెడ్8, దానికి అడాప్టర్. లెన్స్ ఉన్నదే. డి500ని అమ్మను, షట్టర్ ఉన్నన్నాళ్ళు రెండో బాడీగా బోటులో ఉంటుంది. ముందు డ్రై క్యాబినెట్ వస్తోంది, ఆర్డర్ పెట్టేశాను.

ఆటపాక_గూడబాతు

మంచి నిర్ణయమే. నేను మాత్రం ఆగుతాను, నా డి500కి ఇంకా ఓపిక ఉంది. వచ్చే చలికాలం ఇద్దరం ఒకే చోట కూర్చుని తీసి పోల్చుకుందాం, ఆటపాక రండి.

వశిష్ఠ_గట్టు

కొనే ముందు ఒక పని. 2023లో కొన్ని సీరియల్ నంబర్ల జెడ్8లకి స్ట్రాప్ తగిలించే కొక్కెం వదులవడం, కొన్నింటికి లెన్స్ సరిగ్గా బిగుసుకోకపోవడం ఉందని నికాన్ స్వయంగా ప్రకటించి, వాటిని ఉచితంగా బాగుచేసి ఇచ్చింది. అమ్మేవాళ్ళని సీరియల్ నంబర్ అడిగి కంపెనీ పేజీలో కొట్టి చూడండి. ఆ జాబితాలో ఉంటే పని చేయించారా లేదా అని కాగితం చూపించమనండి. అడాప్టర్ ఎఫ్‌టీజెడ్ టూ తీసుకోండి, కింద కాలు ఉండదు కాబట్టి పెద్ద లెన్స్ పట్టుకున్నప్పుడు చేతికి అడ్డం రాదు. కెమెరా వచ్చాక డీఎక్స్ క్రాప్‌ని ఒక ఫంక్షన్ బటన్‌కి పెట్టుకోండి. మొదటి రోజు ఆ ఒక్క మార్పు చేసుకుంటే చాలు, మిగతావి వాడుతూ చూసుకోవచ్చు.